గాలిలో ఏది ఎన్నాళ్లు ఉంటుంది?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. బళ్లు ఆగాయి, విమానాలు నేలకు దిగాయి, చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కొద్ది రోజులకే పంజాబ్‌లోని జలంధర్ జనం మేడలెక్కి ధౌలాధర్ మంచుకొండలను చూశారు. ఏళ్ల తరబడి పొగమసక వెనక దాగిపోయిన కొండలవి. ఢిల్లీ ఆకాశం నీలంగా మారింది. తెలుగు నగరాల్లోనూ గాలిలోని ధూళి లెక్కలు ఒక్కసారిగా దిగాయి. గాలి బాగుపడిందని అందరూ అనుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పసిఫిక్ మహాసముద్రం నడుమ, హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీది పరికరాలు మరో సంగతి నమోదు చేశాయి. 2020 మే నెలలో కార్బన్ డైఆక్సైడ్ సగటు 417 పీపీఎం, అంటే పది లక్షల గాలి అణువుల్లో 417. అక్కడ కొలతలు మొదలైన 1958 నుంచి అప్పటిదాకా ఏ నెలలోనూ అంత లేదు. మీథేన్ సంగతి ఇంకా విచిత్రం. ఆ ఏడాది అది తగ్గకపోగా, అంతకు ముందు కొలిచిన ఏ ఏడాదీ పెరగనంత పెరిగింది.

ఒకే గాలి, ఒకే వేసవి. పొగ పోయింది, కార్బన్ డైఆక్సైడ్ పెరిగింది, మీథేన్ ఎగబాకింది. ఈ చిక్కు విడిపోవాలంటే ఒక ప్రశ్న వేసుకోవాలి: గాలిలోకి చేరిన పదార్థం అక్కడ ఎన్నాళ్లు ఉంటుంది? ధూళి కణం కొన్ని రోజులు, మహా అయితే రెండు వారాలు. మీథేన్ పదేళ్ల చుట్టుపక్కల. నైట్రస్ ఆక్సైడ్ నూరేళ్లకు పైన. కార్బన్ డైఆక్సైడ్‌లో ఒక భాగం వేల ఏళ్లు. మనుషుల పనులు వాతావరణాన్ని మారుస్తున్న తీరులో ఎక్కువ భాగం ఈ ఆయుర్దాయాల తేడాతోనే అర్థమవుతుంది.

పదివేలకు నాలుగు

పొడిగాలిలో నత్రజని 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, ఆర్గాన్ ఒక శాతానికి కొంచెం తక్కువ. ఈ మూడింటినీ కలిపితే 99.9 శాతం దాటిపోతుంది. మనుషుల వల్ల వీటి పాళ్లు చెప్పుకోదగ్గంతగా మారలేదు. మారిందంతా మిగిలిన ఆ చిటికెడులోనే. కార్బన్ డైఆక్సైడ్ పదివేల అణువుల్లో నాలుగు. మీథేన్ పది లక్షల్లో రెండుకు కాస్త తక్కువ. ఇంత కొద్దిపాటి సరుకు భూగోళాన్ని వేడెక్కిస్తుందంటే అనుమానం రావడం సహజమే.

అనుమానం తీరాలంటే ఆ 99.9 శాతం ఏం చేస్తోందో చూడాలి. ఎండ సోకిన నేల రాత్రీ పగలూ పరారుణ కిరణాల రూపంలో వేడిని పైకి వదులుతూనే ఉంటుంది. ఈ కిరణాలు కంటికి కనిపించవు. నత్రజని అణువులో రెండు నత్రజని పరమాణువులు, ఆక్సిజన్ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులు. రెండు పక్కలా ఒకటే కనుక అవి ఎంత ఊగినా అణువులో విద్యుదావేశపు పంపకం మారదు. పరారుణ కిరణానికి అక్కడ పట్టు దొరకదు. ఆర్గాన్ ఒంటరి పరమాణువు, దానికి ఆ ఊగడమూ లేదు. అంటే గాలిలో దాదాపు అంతా ఈ కిరణాలకు అడ్డు రాదు. మూడు పరమాణువులున్న కార్బన్ డైఆక్సైడ్, నీటి ఆవిరి, ఐదు పరమాణువులున్న మీథేన్ అలా కాదు. అవి వంగుతాయి, సాగుతాయి. ఆ కదలికకు సరిపోయే కిరణం ఎదురైతే మింగి, తిరిగి అన్ని దిక్కులకూ వేడిని వదులుతాయి. కాబట్టి కార్బన్ డైఆక్సైడ్‌ను పోల్చి చూడాల్సింది మొత్తం గాలితో కాదు, ఈ పని చేయగల కొద్ది వాయువులతో. వాటిలో దాని వాటా పెద్దదే. ఈ వాయువులు అసలు లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉండేది. ఇప్పుడు 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంది. హరితగృహ వాయువులని పిలిచే ఇవి శత్రువులేం కాదు. సముద్రాలు గడ్డకట్టకుండా ఉన్నది వాటి పుణ్యమే. గొడవంతా వాటి పాళ్లు మారుతున్న వేగంతో.

బాక్సు: ఒక్క పీపీఎం ఎంత బరువు?

పది లక్షల గాలి అణువుల్లో ఫలానా వాయువు అణువులు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క పీపీఎం. పరిశ్రమల యుగానికి ముందు కార్బన్ డైఆక్సైడ్ 280 పీపీఎం ఉండేది. 2024లో మౌనా లోవా సగటు 425కు చేరువైంది. ఒక్క పీపీఎం పెరగాలంటే దాదాపు 780 కోట్ల టన్నుల వాయువు గాలిలో నిలిచిపోవాలి. అంటే ఇప్పటిదాకా అదనంగా చేరి నిలిచింది లక్ష కోట్ల టన్నుల పైమాటే.

ఇంత బరువు ఎక్కడి నుంచి వచ్చిందో స్కూటర్ దగ్గరే చూడవచ్చు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. అది పూర్తిగా కాలితే వెలువడే కార్బన్ డైఆక్సైడ్ 2.3 కిలోలు. పెట్రోలులోని ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోంచి రెండేసి ఆక్సిజన్ పరమాణువులను పట్టుకొని సైలెన్సర్ దాటుతుంది. ఆ ఆక్సిజన్ పరమాణువు ఒక్కోటీ కార్బన్ కంటే బరువైనది.

చెరువు లెక్క

చెట్లు, నేలలోని సూక్ష్మజీవులు, సముద్రాలు కలిసి ఏటా 75 వేల కోట్ల టన్నులకు పైగా కార్బన్ డైఆక్సైడ్‌ను గాలిలోకి వదులుతాయి. బొగ్గు, పెట్రోలు, గ్యాస్, సిమెంటు, అడవుల నరికివేత కలిపి మనుషులు వదిలేది 4 వేల కోట్ల టన్నుల పైచిలుకు. ప్రకృతి ముందు మనిషి ఎంత అని వాదించేవాళ్లు సాధారణంగా ఈ అంకెల దగ్గరే ఆగిపోతారు. మిగతా సగం లెక్క చూడరు. ప్రకృతి ఎంత వదులుతుందో అంతా తిరిగి తీసుకుంటుంది కూడా.

వాతావరణాన్ని ఒక చెరువనుకుంటే సంగతి తేటపడుతుంది. పెద్ద వాగు ఒకటి చెరువులోకి వస్తోంది. అంత నీరూ అలుగు మీదుగా, తూముల గుండా వెళ్లిపోతోంది. వేల ఏళ్లుగా మట్టం కదల్లేదు. ఇప్పుడు పక్కనుంచి ఒక పిల్లకాలువ తవ్వి చెరువులోకి వదిలారు. వాగుతో పోలిస్తే దాని నీరు ఇరవయ్యో వంతే. అయినా మట్టం పెరగడం మొదలవుతుంది. మట్టం పెరిగినకొద్దీ తూముల మీద ఒత్తిడి పెరిగి కొంత ఎక్కువ నీరు బయటికి పోతుంది కానీ కొత్తగా వచ్చినదంతా పోదు. గాలిలో జరుగుతున్నది ఇదే. అదనంగా చేరిన కార్బన్ డైఆక్సైడ్‌లో సగానికి కాస్త ఎక్కువను సముద్రాలు, అడవులు పీల్చుకుంటున్నాయి. మిగిలింది గాలిలో ఉండిపోయి ఏటా రెండున్నర పీపీఎం దాకా మట్టాన్ని పెంచుతోంది.

లాక్‌డౌన్ చేసిందల్లా ఆ పిల్లకాలువను కొద్దిగా బిగించడం. 2020 ఏప్రిల్ మొదట్లో ప్రపంచం రోజువారీగా వదిలే కార్బన్ డైఆక్సైడ్ 17 శాతం దాకా తగ్గింది. ఏడాది మొత్తం మీద చూస్తే తగ్గుదల అయిదు శాతం చుట్టుపక్కల. కాలువలో నూటికి తొంభై అయిదు వంతుల నీరు పారుతూనే ఉంటే చెరువు ఎందుకు తగ్గుతుంది? పైగా మే నెలలో మట్టం ఎప్పుడూ ఎక్కువే. ఉత్తరార్ధగోళంలోని అడవులు చలికాలమంతా మోడువారి, మే తర్వాతే చిగుళ్లతో గట్టిగా వాయువును పీల్చడం మొదలుపెడతాయి. సెప్టెంబరు చివరికల్లా ఆరేడు పీపీఎం తగ్గి, మళ్లీ పెరుగుతుంది. మౌనా లోవాలో 1958లో కొలతలు ప్రారంభించిన చార్లెస్ డేవిడ్ కీలింగ్ గీసిన రేఖ ఏటా ఇలా రంపపు పళ్లలా పైకీ కిందికీ కదులుతూ, మొత్తంగా పైకే పోతోంది.

ఈ చెరువుకున్న తూములు ఒకే రకం కావు. చెట్లు, సముద్రపు పైపొర ఏళ్లలో పని చేస్తాయి. పైపొరలో కరిగిన వాయువు లోతు నీళ్లకు చేరడానికి శతాబ్దాలు కావాలి. రాళ్లతో కలిసి సున్నపురాయిగా మారి శాశ్వతంగా వాతావరణం నుంచి తప్పుకోవడానికి పదుల వేల నుంచి లక్షల ఏళ్లు. ఈ రోజు గాలిలోకి చేరే టన్నులో నూరేళ్ల తర్వాత దాదాపు నలభై శాతం, వెయ్యేళ్ల తర్వాత అయిదో వంతు దాకా మిగిలే ఉంటుంది. సముద్రం చేస్తున్న ఈ సాయానికి ధర కూడా ఉంది. కరిగిన వాయువు ఆమ్లమవుతుంది. పరిశ్రమల యుగానికి ముందుతో పోలిస్తే సముద్రపు పైనీటి ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగింది. గుల్లలు, పగడాలు తమ పెంకు కట్టుకోవడానికి అది అడ్డు.

బొగ్గు వదిలిన గుర్తులు

పెరిగిన వాయువు అగ్నిపర్వతాల నుంచి వచ్చిందేమో, సముద్రాల నుంచే వచ్చిందేమో అన్న ప్రశ్నకు జవాబు కార్బన్ పరమాణువుల్లోనే దొరికింది. పై గాలిలో విశ్వకిరణాల తాకిడికి కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం నిత్యం పుడుతూ ఉంటుంది. బతికున్న ప్రతి చెట్టులో అది కొంత ఉంటుంది. చెట్టు చచ్చాక 5,730 ఏళ్లకు సగం, ఇంకో 5,730 ఏళ్లకు అందులో సగం చొప్పున తరిగిపోతుంది. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవులది. అందులో కార్బన్-14 జాడ కూడా మిగలదు. అలాంటి బొగ్గును టన్నులకొద్దీ కాలిస్తే గాలిలో కార్బన్-14 వాటా పలచబడాలి. అమెరికాలో హాన్స్ సూయెస్ 1955లో చెట్ల వలయాలను పరీక్షించి ఆ పలచబడడాన్ని చూపించాడు.

రెండో గుర్తు ఆక్సిజన్. అగ్నిపర్వతమో సముద్రమో వాయువును వదిలితే ఆక్సిజన్ తగ్గనక్కర్లేదు. మంట మండితే మాత్రం తగ్గాలి. కీలింగ్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ 1980ల చివర్లో మొదలుపెట్టిన కొలతల్లో ఆక్సిజన్ ఏటా నాలుగు పీపీఎం చొప్పున తగ్గుతోందని తేలింది. గాలిలో ఆక్సిజన్ రెండు లక్షల తొమ్మిది వేల పీపీఎం కనుక ఊపిరికొచ్చిన భయమేమీ లేదు. భయపెట్టే కథనాలు అప్పుడప్పుడు వస్తుంటాయి, వాటిని పట్టించుకోనక్కర్లేదు. ఆ కొలత ఉపయోగం వేరు: వాయువు మంటల నుంచే వచ్చిందని అది రుజువు చేస్తోంది.

పాత గాలి ఎలా ఉండేదో అంటార్కిటికా మంచు చెబుతుంది. కురిసిన మంచు పొర మీద పొరగా గట్టిపడేటప్పుడు గాలి బుడగలు లోపల చిక్కుకుంటాయి. మూడు కిలోమీటర్ల లోతు దాకా తొలిచి తీసిన మంచు దిమ్మెల్లో ఎనిమిది లక్షల ఏళ్ల గాలి దొరికింది. అంత కాలంలో కార్బన్ డైఆక్సైడ్ 180 నుంచి 300 పీపీఎం మధ్యే ఊగింది.

వేడి ఎక్కడి నుంచి బయటపడుతుంది?

కార్బన్ డైఆక్సైడ్ వేడిని పట్టుకుంటుందని అమెరికాలో యూనిస్ ఫుట్ 1856లోనే ఎండలో పెట్టిన గాజు గొట్టాలతో చూపించింది. 1859లో జాన్ టిండాల్ పరారుణ కిరణాలతో ప్రయోగశాలలో కొలిచాడు. 1896లో స్వీడన్‌కు చెందిన స్వాంటే అర్హీనియస్ చేత్తో లెక్కలు వేసి, గాలిలో ఈ వాయువు రెట్టింపయితే భూమి కొన్ని డిగ్రీలు వేడెక్కుతుందని తేల్చాడు. ఈ శాస్త్రం నిన్న మొన్న పుట్టింది కాదు.

అయితే అప్పట్లోనే ఒక గట్టి అభ్యంతరం వచ్చింది. నేల నుంచి లేచే ఆ రకం కిరణాలను ఇప్పుడున్న కార్బన్ డైఆక్సైడే కొద్ది దూరంలోనే మింగేస్తోంది కదా, ఇంకా కలిపితే కొత్తగా మింగేదేముంటుంది అని. జవాబు ఎత్తులో ఉంది. నేల దగ్గర మింగిన వేడి ఒక పొర నుంచి పై పొరకు, అక్కడి నుంచి ఇంకా పైకి చేతులు మారుతూ పోతుంది. గాలి బాగా పలచబడిన ఎత్తుకు చేరాకే అది అంతరిక్షంలోకి తప్పించుకోగలదు. సగటున ఆ ఎత్తు అయిదారు కిలోమీటర్లు. కార్బన్ డైఆక్సైడ్ ఎక్కువైతే వేడి తప్పించుకోవడానికి ఇంకా పైకి ఎక్కాలి. కిలోమీటరు ఎక్కితే గాలి ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. చల్లని చోటు నుంచి వెలువడే వేడి తక్కువ. వచ్చే ఎండ తగ్గలేదు, పోయే వేడి తగ్గింది. ఆ మిగులు కింద పోగుపడుతుంది. ఆ ఎత్తులోని గాలి కూడా తగినంత వేడెక్కి లెక్క మళ్లీ సరిపోయేదాకా నేల, సముద్రం వేడెక్కుతూనే ఉంటాయి.

ఈ వివరణ నిజమైతే ఒక వింత జరగాలి. ఓజోన్ ఉండే స్ట్రాటో ఆవరణంలో కార్బన్ డైఆక్సైడ్ పెరిగితే, అక్కడి గాలి నేరుగా అంతరిక్షంలోకి వేడిని ఊదేసి చల్లబడాలి. కింద వేడి, పైన చలి. సూర్యుడే మండిపోతుంటే రెండూ వేడెక్కి ఉండేవి. 1979 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నదాంట్లో పై ఆవరణం చల్లబడుతూనే ఉంది. కింది ఆవరణం వేడికి వ్యాకోచించి, రెండింటికీ మధ్య ఉన్న సరిహద్దు ఉత్తరార్ధగోళంలో పదేళ్లకు 50 నుంచి 60 మీటర్ల చొప్పున పైకి జరుగుతోంది.

నీటి ఆవిరి సంగతి తరచుగా అడుగుతుంటారు, అది ఇంకా బలమైన హరితగృహ వాయువు కదా అని. నిజమే. కానీ ఆవిరి తొమ్మిది పది రోజుల్లో వానై దిగిపోతుంది. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఆవిరిని మోస్తుంది, ఒక్క డిగ్రీకి ఏడు శాతం ఎక్కువ. అది తనంతట తాను వేడిని మొదలుపెట్టదు. మొదలైన వేడిని పెంచుతుంది. కుండపోత వానలు ఇంకా ఉధృతం కావడానికీ ఆ ఏడు శాతమే మూలం.

వరిమడిలో బుడగలు

దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడిలో కాలు పెడితే బురదలోంచి బుడబుడమని బుడగలు లేస్తాయి. వాటిలో చాలా భాగం మీథేన్. నీళ్లు కప్పేశాక కొద్ది రోజుల్లోనే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను, తర్వాత ఇనుమును, తర్వాత సల్ఫేట్‌ను వాడుకుంటూ కుళ్లిన గడ్డినీ వేళ్లనూ తింటాయి. అవన్నీ తీరిపోయాక మీథేన్ పుట్టించే జీవుల వంతు వస్తుంది. బుడగలు కంటికి కనిపిస్తాయి కానీ అసలు దారి అది కాదు. వరి మొక్క తన వేళ్లకు గాలి అందించడానికి కాండంలో బోలు గొట్టాలు పెంచుకుంటుంది. మీథేన్ ఆ గొట్టాల్లోంచే పైకి వచ్చి ఆకుల దగ్గర బయటపడుతుంది. మడి నుంచి వెలువడే మీథేన్‌లో ఎక్కువ పాలు ఈ దారినే పోతుంది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ కాళేశ్వరం నుంచి నిజాంసాగర్ దాకా తెలంగాణ ఆయకట్టుల్లోనూ ఇదే జరుగుతుంది. దీన్ని తగ్గించే పద్ధతి రైతులకు కొత్తదేం కాదు. నీరు చాలని ఏడు చేసేదే. మడిని ఎప్పుడూ నిండుగా ఉంచకుండా ఆరుతడిగా పారించడం. మట్టిలో చిల్లులున్న గొట్టం పాతి, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయాక మళ్లీ నీరు పెడతారు. మట్టిలోకి గాలి చొరబడితే మీథేన్ జీవుల పని ఆగుతుంది. మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, దిగుబడి పెద్దగా దెబ్బతినదు. పూత దశలో మాత్రం నీరు తగ్గనివ్వకూడదు. ఇందులో ఒక మెలిక ఉంది. మడి తడిసి ఆరే కొద్దీ యూరియాలోని నత్రజని కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారి పోతుంది. కాబట్టి నీటితో పాటు ఎరువునూ కొలిచి వేస్తేనే ఈ పద్ధతి పూర్తి ఫలితం ఇస్తుంది.

మనుషుల వల్ల వెలువడే మీథేన్‌లో వరి వాటా పదో వంతు లోపే. పశువులది ఎక్కువ. అది కూడా జనం నవ్వుకునే వెనక దారిన కాదు, నెమరు వేసేటప్పుడు వచ్చే త్రేన్పులతో. బొగ్గు గనులు, గ్యాస్ బావులు, పైపులైన్ల లీకులు, చెత్త దిబ్బలు మిగిలినవి. లీకులు ఆపితే పట్టుబడిన గ్యాస్‌ను అమ్ముకోవచ్చు. అయినా ఆ పని నత్తనడకన సాగడం వింతే.

మీథేన్ గాలిలో పదేళ్ల చుట్టుపక్కలే ఉండటానికి కారణం హైడ్రాక్సిల్. ఎండ, ఓజోన్, నీటి ఆవిరి కలిసి పుట్టించే ఈ అణుశకలం సెకను కూడా బతకదు. బతికిన ఆ క్షణంలోనే మీథేన్‌ను విరగ్గొట్టి, చివరకు కార్బన్ డైఆక్సైడ్‌గా మారే దారి పట్టిస్తుంది. హైడ్రాక్సిల్ పుట్టుకకు బళ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు తోడ్పడతాయి. 2020లో బళ్లు ఆగాయి, ఆ ఆక్సైడ్లు తగ్గాయి, హైడ్రాక్సిల్ తగ్గింది, మీథేన్ తరుగుదల మందగించింది. చిత్తడి నేలల నుంచీ ఆ ఏడాది ఎక్కువే వెలువడింది. లాక్‌డౌన్‌లో మీథేన్ ఎగబాకిన విచిత్రానికి ఈ రెండూ కారణాలు.

నైట్రస్ ఆక్సైడ్ పరిశ్రమల యుగానికి ముందుకంటే నాలుగో వంతు పెరిగింది. ప్రధాన కారణం పొలాల్లో వేసే నత్రజని ఎరువులు. ఒకసారి చేరితే నూరేళ్లు దాటి ఉంటుంది.

మసక కింద దాగిన వేడి

జలంధర్‌లో తొలగిపోయిన మసక బళ్లు, పొయ్యిలు, ఇటుక బట్టీలు, థర్మల్ కేంద్రాలు వదిలిన సూక్ష్మ కణాలు. వీటిలో ఎక్కువ భాగం చిమ్నీలోంచి కణాలుగా రావు. వాయువులుగా వచ్చి గాలిలో గడ్డకడతాయి. బొగ్గులోని గంధకం సల్ఫర్ డైఆక్సైడ్‌గా వెలువడి సల్ఫేట్ తుంపరగా మారుతుంది. ఎరువుల నుంచి, పేడ నుంచి లేచే అమోనియా దాంతో కలుస్తుంది. చలికాలంలో ఈ మసక ముదురుతుంది. రాత్రి నేల త్వరగా చల్లబడి, కింది గాలి చల్లగా, పైది వెచ్చగా ఉండిపోతే కింది గాలి లేవలేదు. పొగ ఊరి మీదే నిలుస్తుంది. మూడు వైపులా కొండలున్న విశాఖలో ఇది ఇంకా ఎక్కువ. భోగి నాటి తెల్లవారుజాము పొగ పొద్దెక్కేదాకా కదలకపోవడానికి కారణం మంటల సంఖ్య ఒక్కటే కాదు, పైన మూసుకున్న ఈ గాలి కూడా.

బెంగళూరులో చదువుకున్న శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ తదితరుల నాయకత్వంలో 1999లో హిందూ మహాసముద్రం మీద పెద్ద పరిశోధన జరిగింది. శీతాకాలంలో దక్షిణాసియా నుంచి సముద్రం మీదికి దాదాపు మూడు కిలోమీటర్ల మందాన గోధుమరంగు మసక పరుచుకుంటోందని తేలింది. తెల్లని సల్ఫేట్ కణాలు ఎండను తిప్పికొడతాయి, మేఘాలను ఇంకా తెల్లబరుస్తాయి. నల్లని మసి ఎండను మింగి గాలినే వేడిచేస్తుంది. రెండూ కలిసి నేలకు చేరే ఎండను తగ్గిస్తాయి. సముద్రం నుంచి ఆవిరి తగ్గుతుంది, నేలకూ సముద్రానికీ మధ్య వేడి తేడా తగ్గుతుంది. నైరుతి రుతుపవనాలు నడిచేది ఆ తేడాతోనే. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఉత్తర, మధ్య భారతంలో వానలు తగ్గడానికి ఈ మసక ఒక కారణమని వాతావరణ నమూనాలు చూపించాయి.

రుతుపవనాలు వచ్చాక వాన మసకను కడిగేస్తుందని చాలాకాలం అనుకున్నారు. కొంత కడగదు, పైకి ఎత్తుకుపోతుంది. 2011లో ఉపగ్రహ సమాచారంలో వానాకాలమంతా ఆసియా మీద 13 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తున పలుచని కణాల పొర ఒకటి కనిపించింది. తర్వాత నాసా, ఇస్రో శాస్త్రవేత్తలు హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి పరికరాలు కట్టిన బెలూన్లను ఆ పొరలోకి పంపారు. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో 1,024 యాంటెన్నాలతో నేల మీద పరుచుకున్న రాడార్ ఆ ఎత్తుల్లోని గాలి కదలికలను కొలుస్తుంది. ఆ పొరలో అమోనియం నైట్రేట్ ఎక్కువని 2019లో తేలింది. పొలంలో చల్లిన యూరియా నుంచి లేచిన అమోనియా ఉరుము మేఘాలెక్కి విమానాలు ఎగిరే ఎత్తు దాటిపోతోందన్నమాట.

ఈ కణాల విషయంలో ఒక ఇబ్బందికరమైన నిజం ఉంది. ఊపిరితిత్తులను, గుండెను దెబ్బతీసేవి అవే, భూమిని కొంత చల్లగా ఉంచుతున్నవీ అవే. 2010-19 దశాబ్దానికి హరితగృహ వాయువులు భూమిని దాదాపు 1.5 డిగ్రీలు వేడెక్కించాయి. కణాలు అందులో 0.4 డిగ్రీల దాకా కప్పిపెట్టాయి. పైకి తేలింది 1.1 డిగ్రీలు. 2020 జనవరి నుంచి ఓడల ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు. గంధకం తగ్గితే సల్ఫేట్ కణాలూ తగ్గుతాయి. అలా పొగ ఆగిన వారంలో కణాలిచ్చే చలువ పోతుంది, కింద దాగిన వేడి బయటపడుతుంది. అందుకని పొగను ఉంచుకోమని ఎవరూ అనలేరు. పొగతో పాటు కార్బన్ డైఆక్సైడ్, మీథేన్ కూడా తగ్గించకపోతే లెక్క తప్పుతుందన్నదే ఇక్కడి సంగతి.

ఓజోన్: ఒప్పందం పనిచేసిన చోటు

స్ట్రాటో ఆవరణంలోని ఓజోన్ అంతటినీ నేల మీదికి దించి పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అతినీలలోహిత కిరణాలను ఆపుతున్నది ఆ మాత్రమే. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు (సీఎఫ్‌సీలు) దేనితోనూ కలవవు, మండవు, విషం కావు. ఆ మంచి గుణమే కొంప ముంచింది. కింది గాలిలో వాటిని విరగ్గొట్టేది ఏదీ లేక దశాబ్దాల పాటు తిరిగి పైకి చేరతాయి. అక్కడ అతినీలలోహిత కిరణం తగిలి క్లోరిన్ విడిపోతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు తాను తరగకుండా వేలకొద్దీ ఓజోన్ అణువులను చీల్చగలదు. 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ ఈ ప్రమాదాన్ని ముందే చెప్పారు.

అయినా చిల్లు పడిన చోటు అందరినీ ఆశ్చర్యపరిచింది. ఫ్రిజ్‌లు ఉత్తరాన, చిల్లు అంటార్కిటికా మీద. 1985 మేలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ దాన్ని ప్రకటించారు. కారణం అక్కడి చలి. ధ్రువపు చీకటి నెలల్లో సుడిగాలి ఆ గాలిని బయటి గాలితో కలవనివ్వదు. సున్నాకు 78 డిగ్రీల దిగువన మంచు మేఘాలు ఏర్పడతాయి. ఆ మంచు కణాల మీద, అప్పటిదాకా అపాయం లేని రూపాల్లో దాగిన క్లోరిన్ చురుకైన రూపానికి మారుతుంది. సెప్టెంబరులో సూర్యుడు తిరిగి కనిపించగానే ఓజోన్ కొన్ని వారాల్లో కరిగిపోతుంది.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. సీఎఫ్‌సీల ఉత్పత్తి క్రమంగా ఆగిపోయింది. అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థితికి 2066 దరిదాపుల్లో చేరుతుందని అంచనా. ఇంత ఆలస్యం ఎందుకంటే, మళ్లీ ఆయుర్దాయమే: సీఎఫ్‌సీ-12 గాలిలో నూరేళ్లు ఉంటుంది. వాటి స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీ వాయువులు ఓజోన్‌ను ముట్టుకోవు కానీ వేడిని గట్టిగా పడతాయి. 2016లో కిగాలీలో వాటినీ తగ్గించాలని నిర్ణయించారు. భారత్ 2021లో దాన్ని ఆమోదించింది. 2028లో వాడకం పెరగకుండా ఆపి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి.

ఈలోగా ఏసీ ఉన్న ఇళ్లవారు చేయగలిగిన పని ఒకటుంది. బయటి యూనిట్ మీది లేబుల్‌లో ఆర్-22, ఆర్-410ఏ, ఆర్-32 అని గ్యాస్ పేరు ఉంటుంది. కిలో ఆర్-22 గాలిలో కలిస్తే నూరేళ్ల లెక్కన 1,800 కిలోల కార్బన్ డైఆక్సైడ్ అంత వేడి, ఆర్-410ఏ అయితే 2,000 పైన, ఆర్-32 అయితే 700 లోపు. పాత ఏసీ విప్పేటప్పుడు వాల్వు తెరిచి గ్యాస్‌ను బుస్సుమని వదిలేయడం నిమిషం పని, సిలిండర్‌లోకి పట్టడం కొంచెం పెద్ద పని. ఆ పెద్ద పనే చేయమని మెకానిక్‌ను అడగండి, దానికయ్యే కూలి ఇవ్వండి.